రంగు పోయిన నీటిని నమ్మొద్దు: కృత్రిమ రంగు నీటి జీవులకు ఎంత విషమో తేల్చడం ఎలా

లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము రంగు కలిసినా చాలా రంగులు కంటికి దొరికిపోతాయి. అందుకే అద్దకం నీళ్లు కాలువలో ఎర్రగా పారితే ఊరంతా గోల పెడుతుంది, తెల్లగా పారితే ఎవరూ పట్టించుకోరు. పరీక్ష చేసేవాళ్లు కూడా ఇదే తప్పులో పడతారు. కళ్లు చెప్పేది రంగు గురించి, విషం గురించి కాదు. చిక్కగా కనిపించే రియాక్టివ్ రంగుల్లో (నూలుతో రసాయన బంధం కట్టేవి) చాలావాటికి వెంటనే చంపే గుణం తక్కువ. మాలకైట్ గ్రీన్ లాంటి బేసిక్ రంగు (నీటిలో ధన విద్యుత్ ఆవేశం ఉండేది) మాత్రం అనేక జాతుల చేపల్ని లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే చంపగలదు. దాని రంగు పోయాక కూడా చంపుతూనే ఉండొచ్చు.

జువాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లనీ, అద్దకం యూనిట్ల నీటిని పరీక్షించే చిన్న ల్యాబుల్నీ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణగా మాలకైట్ గ్రీన్‌నే తీసుకుంటాను. అది అద్దకం రంగే అయినా, చేప గుడ్లకు పట్టే బూజును పోగొట్టే మందుగా దశాబ్దాల పాటు హేచరీల్లో తిరిగింది. చేప ఒంట్లోకి వెళ్లాక రంగు లేని ల్యూకో మాలకైట్ గ్రీన్‌గా మారి కొవ్వులో నిలిచిపోతుంది. తినే చేపలకు దీన్ని యూరప్, అమెరికా అనుమతించవు. చేపలూ రొయ్యలూ పెంచి విదేశాలకు పంపే మన కోస్తా జిల్లాలవాళ్లకు ఈ పేరు ఎందుకు టెన్షన్ తెప్పిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

1. డబ్బా మీద ఉన్నది పూర్తిగా చదవండి

రంగుల దుకాణంలో పిలిచే పేరు పరీక్షకు పనికిరాదు. ఒకే పేరుతో నాలుగు రకాల పొడులు దొరుకుతాయి. కలర్ ఇండెక్స్ (రంగుల అంతర్జాతీయ జాబితా) పేరు, క్యాస్ నంబరు (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకోండి. మాలకైట్ గ్రీన్ అయితే బేసిక్ గ్రీన్ 4, కలర్ ఇండెక్స్ నంబరు 42000. ఇందులోనూ రెండు లవణాలున్నాయి: క్లోరైడ్ (569-64-2), ఆక్సలేట్ (2437-29-8). క్లోరైడ్ పొడి 100 మి.గ్రా. తూస్తే అందులో అసలు రంగు అయాను సుమారు 90 మి.గ్రా. ఉంటుంది. ఆక్సలేట్‌లో 71 మి.గ్రా. మాత్రమే. ఏ లవణం వాడారో రాయకపోతే, మీ ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చడానికే ఉండదు.

ఆపైన సీసా మీద "డై కంటెంట్" ఎంత శాతమో చూడండి. అద్దకానికి అమ్మే పొడుల్లో ఉప్పు, సోడియం సల్ఫేట్, చెదరగొట్టే పదార్థాలు బోలెడు కలుపుతారు. 60 శాతం రంగున్న పొడిని నూటికి నూరు శాతమని లెక్కేస్తే మీ జవాబు మొదటి రోజే తప్పుతుంది.

ఇంకో ప్రశ్న: ఏ రూపంలో ఉన్న రంగును పరీక్షిస్తున్నారు? రియాక్టివ్ బ్లాక్ 5 లాంటివి నూలుకు అతుక్కోగా మిగిలింది నీటితో కలిసి హైడ్రోలైజ్ అయి బయటికి పోతుంది. కాలువలో చేరేది ఆ రూపమే. డబ్బాలోని పొడిని నేరుగా కలిపి పరీక్షిస్తే, కాలువలో లేని పదార్థానికి జవాబు చెప్పినట్టవుతుంది. రెండు రూపాలూ పరీక్షించగలిగితే మంచిది. కుదరకపోతే ఏది చేశారో స్పష్టంగా రాయండి.

2. స్టాక్ ద్రావణం

చేతికి నైట్రైల్ గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈ పొడి గాలికి లేచిందంటే బెంచీ మీద వారం రోజుల పాటు నెమలికంఠం మచ్చలు కనిపిస్తూనే ఉంటాయి, మీ ఊపిరితిత్తుల సంగతి చెప్పనక్కర్లేదు. 100 మి.గ్రా. తూచి, లీటరు వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో డిస్టిల్డ్ వాటర్‌తో గీత దాకా నింపండి. వెలుతురు తగలని సీసాలో పోసి, ఏ పూటకు ఆ పూట తాజాగా చేసుకోవడమే మేలు.

బేసిక్ రంగులు గాజు గోడలకు అతుక్కుంటాయి. పరీక్ష మొదలుపెట్టే ముందు బీకర్లను అదే ద్రావణంతో ఒకసారి తొలిచి పారబోస్తే ఈ బెడద కొంత తగ్గుతుంది. డిస్పర్స్ రంగులైతే నీటిలో సరిగ్గా కరగవు. కరగలేదని సాల్వెంట్ (కరిగించే ద్రవం) ధారాళంగా పోయకండి. లీటరుకు 100 మి.గ్రా. దాటకూడదు, సాల్వెంట్ మాత్రమే వేసిన కంట్రోలు (పోలిక కోసం పెట్టే, రంగు కలపని బీకరు) కూడా విడిగా పెట్టాలి. కరగని రేణువులు డాఫ్నియా (మనం పరీక్షకు వాడే చిన్న నీటి జీవి) ఒంటికి అంటుకుని కదలనివ్వవు. అది విషం పని కాదు, బురద పని.

3. నీరు

నా మొదటి పరీక్షలో కంట్రోలు బీకర్లలోని జీవులే ముందు చచ్చాయి. రంగు వేసిన వాటికంటే ముందు! కారణం కుళాయి నీటిలోని క్లోరిన్. అప్పటినుంచి నీటిని నేనే తయారు చేసుకుంటున్నాను. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 294 మి.గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 123.25 మి.గ్రా., సోడియం బైకార్బొనేట్ 64.75 మి.గ్రా., పొటాషియం క్లోరైడ్ 5.75 మి.గ్రా. కలపాలి. రాత్రంతా గాలి పంపుతో బుడగలు వదిలితే తెల్లారేసరికి పీహెచ్ 7.8 దగ్గర నిలబడుతుంది. ఈ నీటి కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 250 మి.గ్రా. బోరు నీరు వాడదామనిపిస్తుంది గానీ, మన ప్రాంతాల్లో ఊరికో కాఠిన్యం, బోరుకో ఫ్లోరైడ్. ఆ నీటితో వచ్చిన ఫలితం ఆ బోరుకే పరిమితం.

4. ఏ జీవి మీద పరీక్షించాలి

కనీసం మూడు అంచెలు కావాలి: ఆహారం తయారుచేసేది, దాన్ని తినేది, దీన్ని తినేది. అంటే ఆల్గే, డాఫ్నియా, చేప. పెసలు నానబెట్టి మొలక పొడవు కొలిచి "జల విషప్రభావం" అని శీర్షిక పెట్టిన ప్రాజెక్టులు చాలా చూశాను. ఆ పరీక్షకు దాని విలువ దానికుంది, కానీ పెసర మొక్క చెరువులో బతకదు.

కోస్తాలో ఉన్నవాళ్లకు ఆర్టీమియా అనే చిన్న ఉప్పు నీటి జీవి సులువుగా దొరుకుతుంది. రొయ్య పిల్లల హేచరీల్లో వాడే దాని గుడ్ల డబ్బా తెచ్చి ఉప్పు నీటిలో వేస్తే ఒకటిన్నర రోజులోపే పిల్లలు వస్తాయి. చెయ్యి తిరగడానికి బాగుంటుంది. అయితే ఉప్పు నీటి జీవి మీద వచ్చిన ఫలితాన్ని మంచి నీటి చెరువుకు అంటగట్టకూడదు. పైగా ఉప్పు నీటిలో కొన్ని రంగులు విరిగి అడుక్కు దిగిపోతాయి.

కాబట్టి మొదలు డాఫ్నియాతోనే. రొయ్యకు దూరపు చుట్టం, కంటికి చుక్కలా కనిపిస్తుంది, మగవాటి అవసరం లేకుండానే పిల్లల్ని పెడుతుంది. డాఫ్నియా మాగ్నా దొరకకపోతే చేపపిల్లలకు మేతగా పెంచే మోయినా కూడా వాడొచ్చు. కాకపోతే దాని పేరు రాయాలి, మాగ్నా ఫలితాలతో సూటిగా పోల్చకూడదు.

5. డాఫ్నియా పరీక్ష: ఓఈసీడీ 202

ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రసాయనాల పరీక్షలకు నంబర్ల వారీగా పద్ధతులు ఇచ్చింది, డాఫ్నియాది 202. ముందు రోజు సాయంత్రం తల్లుల జాడీలో ఉన్న పిల్లలన్నిటినీ తీసేయండి. మర్నాడు ఉదయం కనిపించే పిల్లలన్నీ 24 గంటల లోపువే. తల్లి మొదటిసారి పెట్టిన పిల్లల్ని వాడకూడదు.

నేరుగా పూర్తి పరీక్షలోకి దూకకండి. ముందు లీటరుకు 0.1, 1, 10, 100 మి.గ్రా. చొప్పున నాలుగు బీకర్లలో ఐదేసి పిల్లల్ని వేసి రెండు రోజులు చూడండి. అన్నీ బతికినది ఏదో, అన్నీ ఆగిపోయినది ఏదో తెలుస్తుంది. అసలు పరీక్ష ఆ రెంటి మధ్యే. 100 మి.గ్రా. దగ్గర కూడా ఏమీ కాకపోతే 20 పిల్లలతో అదే గాఢతలో ఒకసారి నిర్ధారించుకుని "100కి పైన" అని రాసి ఆపేయొచ్చు. ఇంకా పైకి వెళ్లి లీటరుకు 5 గ్రాములు వేసి చంపడంలో అర్థం లేదు.

అసలు పరీక్షకు కనీసం ఐదు గాఢతలు కావాలి. ఒక్కోటీ ముందుదానికి 2.2 రెట్లు దాటకూడదు, నేను రెండు రెట్లే పెడతాను. లీటరుకు 16 మి.గ్రా. నుంచి మొదలనుకుందాం. 100 మి.గ్రా. స్టాక్ నుంచి 48 మి.లీ. తీసి 300 మి.లీ. చేయండి. అందులోంచి 150 మి.లీ. తీసి 150 మి.లీ. నీరు కలిపితే 8. అదే వరసలో 4, 2, 1. ఒక్కో గాఢతలో 100 మి.లీ.ని నాలుగు బీకర్లకు పంచి, ఒక్కో బీకరులో ఐదు పిల్లల్ని వేయాలి. మిగిలిన దాంట్లో 25 మి.లీ. మొదటి రీడింగుకు. మరో 25 మి.లీ. జీవులు లేకుండా విడిగా పక్కన పెట్టండి. ఈ ఖాళీ బీకరు ఎందుకో తర్వాత చెబుతాను. కంట్రోలుకు మరో నాలుగు బీకర్లు. మొత్తం 120 పిల్లలు కావాలి కాబట్టి తల్లుల జాడీలు రెండు మూడు సిద్ధంగా ఉండాలి.

పిల్లల్ని వేసేటప్పుడు డ్రాపరు మొనను నీటి లోపలికి ముంచి వదలండి. పైనుంచి వేస్తే డొప్ప కింద గాలి చిక్కుకుని తేలిపోతాయి. తేలినవాటిని చచ్చినవాటిగా లెక్కేసిన విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఒకే చోట నిలవాలి, ఒక డిగ్రీకి మించి ఊగకూడదు. మే నెలలో మన ల్యాబులో గది గాలికి వదిలేస్తే పరీక్షించేది రంగును కాదు, ఎండను. బీఓడీ ఇంక్యుబేటర్ (ఉష్ణోగ్రతను ఒకేలా నిలిపే పెట్టె) ఉంటే దాంట్లో పెట్టండి. 16 గంటలు వెలుతురు, 8 గంటలు చీకటి. మేత పెట్టకూడదు, గాలి కొట్టకూడదు.

24, 48 గంటలకు చూడాలి. బీకరును మెల్లగా కదిపి 15 సెకన్లు ఆగండి. ఈదని దాన్ని "కదలిక లేనిది" అని లెక్కించాలి. చచ్చిందా అని అడగరు, ఈదుతోందా అనే అడుగుతారు. రంగుల విషయంలో అసలు ఇబ్బంది ఇక్కడే. చిక్కటి నీటిలో పిల్లలు కనిపించవు. బీకరును తెల్లటి పెట్రీ డిష్‌లోకి ఒంపి కింద నుంచి లైటు వేయండి. అప్పటికీ కనిపించకపోతే వెడల్పు నోరున్న డ్రాపరుతో మంచి నీటిలోకి మార్చి వెంటనే చూడండి. నేనైతే ఎవరి బీకరు ఏదో తెలియకుండా నంబర్లు వేయించి, రంగు పోసినవారు కాకుండా వేరొకరి చేత లెక్క పెట్టిస్తాను. ముదురు రంగు బీకరు చూడగానే "చచ్చే ఉంటాయి" అని మనసు ముందే రాసేసుకుంటుంది.

కంట్రోలులో పదో వంతుకు మించి ఆగిపోతే పరీక్ష చెల్లదు. చివర్లో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మి.గ్రా. కంటే తగ్గకూడదు. మీ డాఫ్నియా ఆరోగ్యం తెలియాలంటే అప్పుడప్పుడు పొటాషియం డైక్రోమేట్‌తో పరీక్ష పెట్టండి. మాగ్నాకు 24 గంటల ఈసీ50 (సగం జీవులు ఆగిపోయే గాఢత) లీటరుకు 0.6 నుంచి 2.1 మి.గ్రా. మధ్య రావాలి.

6. నీటిలో రంగు నిజంగా ఎంత ఉంది

నా లెక్కలో ఈ మెట్టు వదిలేసిన నివేదికకు విలువ లేదు. మీరు 8 మి.గ్రా. వేశారు సరే, 48 గంటల తర్వాత ఎంత మిగిలింది? కొంత గాజుకు అంటుకుంది, కొంత డాఫ్నియా పొట్టలోకి వెళ్లింది, కొంత వెలుతురుకు విరిగింది. స్పెక్ట్రోఫొటోమీటరులో మాలకైట్ గ్రీన్‌ను 617 నానోమీటర్ల దగ్గర చదువుతారు. మొదట్లో, చివర్లో రెండుసార్లూ చదవండి. జీవులు లేని ఖాళీ బీకరు ఇక్కడ పనికొస్తుంది. దాంట్లో కూడా అంతే తగ్గితే తప్పు నీటిదో గాజుదో. జీవులున్న దాంట్లోనే తగ్గితే అవి తీసుకున్నాయి.

కానీ మాలకైట్ గ్రీన్ ఇంకో మాయ చేస్తుంది. పీహెచ్ 7.8 దగ్గర ఇది మెల్లగా కార్బినాల్ అనే రంగు లేని రూపంలోకి మారుతుంది. మెషీన్ రీడింగు పడిపోతుంది, బీకరు తేటబడుతుంది, మీరు సంతోషిస్తారు. పదార్థం మాత్రం అక్కడే ఉంది. పైగా ఆ రూపానికి విద్యుత్ ఆవేశం లేదు కాబట్టి కణపు పొరల్ని ఇంకా తేలిగ్గా దాటగలదు. చదివే ముందు నమూనాకు అసిటేట్ బఫర్ కలిపి పీహెచ్ 4 దగ్గరకు తెచ్చి, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి. రంగు తిరిగొస్తే అది ఎక్కడికీ పోలేదన్నమాట. స్టాండర్డు గ్రాఫును కూడా అదే బఫర్‌లో గీయాలి.

ఇవన్నీ చేశాక కొలిచిన గాఢత, వేసిన గాఢతలో 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే వేసిన అంకెతోనే లెక్క కట్టొచ్చు. లేకపోతే మొదటి, చివరి రీడింగుల గుణోత్తర సగటు తీసుకోవాలి. 8 మి.గ్రా. వేసిన చోట మొదట్లో 7.6, చివర్లో 3.4 వచ్చాయనుకోండి. రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే 5.1. ఆ బీకరు గాఢత ఇక 8 కాదు, 5.1.

7. ఈసీ50 లెక్క

లెక్క చూపించడానికి కొన్ని అంకెలు అనుకుందాం. 20 పిల్లల్లో ఆగిపోయినవి: 1 మి.గ్రా. దగ్గర 0, 2 దగ్గర 2, 4 దగ్గర 7, 8 దగ్గర 15, 16 దగ్గర 20. సగం ఆగిపోయే గాఢత 4కీ 8కీ మధ్య ఉందని చూడగానే తెలుస్తుంది. 35 శాతం నుంచి 75 శాతానికి వెళ్లే దారిలో 50 అనేది 0.375 వంతు. 4 లాగరిథమ్ 0.602, 8ది 0.903, తేడా 0.301. 0.602కి 0.301లో 0.375 వంతు కలిపితే 0.715. దాని యాంటీలాగ్ 5.2. ఇదే డేటాకు స్పియర్‌మన్ కార్బర్ అనే గణాంక పద్ధతిలో 4.9 వస్తుంది. రెండూ దగ్గరగా ఉన్నాయంటే డేటా సజావుగా ఉన్నట్టే. నివేదికలో ప్రోబిట్ అనే ఇంకో గణాంక పద్ధతి గానీ స్పియర్‌మన్ కార్బర్ గానీ వాడి, 95 శాతం విశ్వాస పరిమితులతో సహా రాయండి. ఒంటరి అంకె ఇవ్వకండి.

8. ఆల్గే దగ్గర నీడ గొడవ

ఆల్గే పరీక్ష, ఓఈసీడీ 201, 72 గంటలది. కంట్రోలులో ఆల్గే ఆ లోపు కనీసం 16 రెట్లు పెరగాలి. మామూలు రసాయనాలకు ఇబ్బంది లేదు. రంగుకు మాత్రం పెద్ద చిక్కు: నీటిలో రంగుంటే వెలుతురు ఆగిపోతుంది, ఆల్గే పెరగదు. అది విషం వల్లా, నీడ వల్లా? దీన్ని తేల్చడానికి రెండు పాత్రల పద్ధతి ఉంది. లోపలి పాత్రలో రంగు లేని నీటిలో ఆల్గే, దాని చుట్టూ బయటి పాత్రలో రంగు నీరు. ఆల్గేకు నీడ పడుతుంది, రంగు తగలదు. దీని పక్కనే రంగు నేరుగా కలిపిన పాత్ర. రెంటిలోనూ ఎదుగుదల ఒకేలా తగ్గితే దోషం నీడదే.

ఎదుగుదలను కొలిచేటప్పుడూ జాగ్రత్త. మెషీన్‌లో కాంతి శోషణ చదివితే ఆల్గేకు బదులు రంగునే చదువుతుంది. హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) మీద పోసి మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెట్టడమే దిక్కు, మెడ నొప్పి పుట్టినా సరే.

ఈ గొడవంతా వద్దనుకుంటే చెరువుల మీద పచ్చటి చుక్కల్లా పరుచుకునే డక్‌వీడ్‌ను వాడండి. అది నీటి పైన తేలుతుంది, వెలుతురు పైనుంచి వస్తుంది, రంగు కింద ఉంటుంది. నీడ సమస్యే లేదు. ఓఈసీడీ 221 ప్రకారం ఏడు రోజులు పెంచి ఆకులు లెక్కపెడతారు. కంట్రోలులో ఆకులు రెండున్నర రోజుల లోపు రెట్టింపు కావాలి. రంగుల వరకూ నా ఓటు దీనికే.

9. చేప

పెద్ద చేపలతో పరీక్షకు మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. దానికి ముందే జీబ్రా చేప పిండాలతో చేసే ఓఈసీడీ 236 గురించి ఆలోచించండి. 24 గుంటల ప్లేటులో గుంటకొక పిండం, గాఢతకు 20 పిండాలు, 26 డిగ్రీలు, 96 గంటలు. పిండం గడ్డకట్టిందా, కండర ఖండాలు ఏర్పడ్డాయా, తోక విడివడిందా, గుండె కొట్టుకుంటోందా అని రోజూ చూస్తారు. గుడ్డు పొర రంగు పీల్చుకుని లోపల ఏమీ కనిపించకపోతే, చూసే ముందు మంచి నీటితో మెల్లగా కడగండి.

మన దేశంలో వ్యర్థ జలాలకు ఒక నిబంధన ఉంది: ఏమీ కలపని నూరు శాతం వ్యర్థ జలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలి. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష. రంగు ఎంత విషమో ఇది చెప్పదు. యూనిట్ నుంచి బయటికి వచ్చే నీటిని వదలొచ్చా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. రెంటినీ కలపకండి.

యూనిట్ నీటి విషయంలో ఒక హెచ్చరిక. రియాక్టివ్ అద్దకంలో ముదురు రంగులకు లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు, పైగా సోడా యాష్. డాఫ్నియాకు లీటరుకు కొన్ని గ్రాముల ఉప్పే ప్రాణాంతకం. ఆ నీటిలో జీవులు చచ్చిపోతే తప్పు రంగుదని ఎలా అంటారు? కండక్టివిటీ, పీహెచ్ కొలిచి, అంతే కండక్టివిటీ వచ్చేలా ఉత్త ఉప్పుతో మరో వరస బీకర్లు పెట్టండి. ఉప్పు నీటిలోనూ అన్నే చస్తే మీరు కనుక్కున్నది ఉప్పు విషం.

10. అంకెకు అర్థం

మూడు జీవుల్లో అన్నిటికంటే తక్కువ ఈసీ50 లేదా ఎల్సీ50 (సగం జీవులు చచ్చే గాఢత) తీసుకోండి. రసాయనాల ప్రమాదాన్ని తరగతులుగా విభజించే అంతర్జాతీయ జీహెచ్ఎస్ వర్గీకరణలో అది లీటరుకు 1 మి.గ్రా. లోపుంటే మొదటి తరగతి, 10 లోపు రెండో తరగతి, 100 లోపు మూడోది. పై లెక్కలోని 5.2 రెండో తరగతిలో పడుతుంది. మూడు అంచెల స్వల్పకాలిక డేటా మాత్రమే ఉన్నప్పుడు ఆ కనిష్ఠ అంకెను 1000తో భాగిస్తే హాని లేదనుకునే గాఢత వస్తుంది, అంటే ఇక్కడ లీటరుకు 5 మైక్రోగ్రాములు. చెరువులో కొలిచిన గాఢత దీనికంటే ఎక్కువుంటే ఆలోచించాల్సిందే. ఆ స్థాయిలో నీరు కంటికి దాదాపు మామూలుగానే ఉంటుంది.

11. రంగు తీసేసిన నీటిని కూడా పరీక్షించండి

బ్లీచింగ్‌తో గానీ, ఫెంటాన్‌తో (ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి చేసే శుద్ధి) గానీ, బ్యాక్టీరియాతో గానీ రంగు పోగొట్టామని చెప్పే ప్రాజెక్టుల్లో చాలావరకు 98 శాతం రంగు పోయిందన్న గ్రాఫుతో ముగుస్తాయి. డాఫ్నియా పరీక్ష ఉండదు. ఆజో రంగుల్ని (రెండు నైట్రోజన్ల జంట బంధం ఉన్నవి) బ్యాక్టీరియా ఆక్సిజన్ లేని చోట విరిస్తే ఆరోమాటిక్ అమైన్లు మిగులుతాయి. వాటికి రంగు ఉండదు, కొన్నింటికి అసలు రంగు కంటే విషం ఎక్కువ. శుద్ధి చేయకముందు, చేశాక, రెండు నమూనాలనూ ఒకే రోజు, ఒకే తల్లుల పిల్లలతో పరీక్షించండి. బ్లీచింగ్ చేసిన నీటిలో మిగిలిన క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తీసేయాలి, ఫెంటాన్ నీటిలో మిగిలిన హైడ్రోజన్ పెరాక్సైడును కూడా. లేదంటే వాటి విషం రంగు ఖాతాలో పడుతుంది. ఆ మందులు వేసిన ఉత్త నీటితో కూడా ఒక వరస బీకర్లు పెట్టండి.

పరీక్ష అయ్యాక బీకర్లలోని నీటిని సింకులో పారబోయకండి. అంతా ఒక క్యాన్‌లో పోగుచేసి, యాక్టివేటెడ్ బొగ్గు వేసి రాత్రంతా కలపండి. వాడిన బొగ్గును ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేయండి. తేటబడిన నీటిని వదిలే ముందు మా ల్యాబులో అందులో ఐదు డాఫ్నియా పిల్లల్ని వేసి మర్నాటిదాకా ఉంచుతాం. ఒకసారి నీరు అద్దంలా ఉంది, ఐదూ అడుగున పడున్నాయి. బొగ్గు మళ్లీ వేశాం.